మా ఊట్స్ తల విషయమై

ఎర్లెన్‌ఫుర్ట్ నగర న్యాయాధికారి శ్రీ సైఫ్రీట్ పెల్ట్సర్ గారి సముఖమునకు,

క్రేహెన్‌స్టైన్ కోట దొర ఎకెబ్రెష్ట్ రాసుకున్న అర్జీ. పునీత మార్టిను పండుగ వెళ్లిన మంగళవారం.

విషయం: నా కొడుకు ఊట్స్‌కు తమ న్యాయస్థానం విధించిన శిరచ్ఛేదం అమలు కాకుండా నిలిచిపోయినందున, సదరు శిక్షను ఇకనైనా అమలు చేయించమని కోరుట.

అయ్యా,

ముందుగా ఒక మాట. ఈ చేతిరాత నాదే. మా కోట గుడిలో పూజ చేసే ఫాదరును పిలిచి కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. విషయం దగ్గరే కలం కింద పెట్టేశాడు. "కన్న కొడుకు తల తీయమని నేను రాయను దొరా, నన్ను కొట్టినా రాయను" అన్నాడు. ఒక దెబ్బ కొట్టి చూశాను. నిజంగానే రాయలేదు. అందుచేత నేనే రాస్తున్నాను. కత్తి పట్టిన వేళ్లకు ఈక నిలవదు. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనివ్వండి, మాటలో వంకర లేదు.

నేనెవరో తమరికి తెలుసు. తమ తండ్రిగారు ఉడుత తోళ్ల కోటు అమ్ముకోవడానికి మా కోటకు వచ్చినప్పుడు మా అమ్మ ఆయన్ను వాకిట్లోనే నిలబెట్టింది. ఇవాళ తమరు కూర్చున్నారు, నేను నిలబడ్డాను. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదులు కింద వరసగా మనవి చేసుకుంటున్నాను.

1. తమ ఊరి ఉప్పు బండ్లు మా లోయలోంచి పోతూ మా సుంకం ఎగ్గొట్టినందున నా కొడుకు తమ ఊరి మీద పగ ప్రకటించాడు. మూడు రోజుల ముందే పగ పత్రం తమ కోట గుమ్మానికి మేకుతో కొట్టించి మరీ ప్రకటించాడు. ఆ తరవాతనే బండ్లు ఆపాడు. ఇందులో దొంగతనం లేదు. పట్టుబడింది మాత్రం సత్రంలో, బూట్లు విప్పుకుని నిద్రపోతూ. బూట్లు విప్పినందుకు వాడిని నేను ఇప్పటికీ క్షమించలేదు. బండివాళ్లు ఇద్దరు చచ్చారు కాబట్టి తమరు మరణశిక్ష వేశారు. వేసినా తాడు వేయలేదు, కత్తి వేశారు. తాడు దొంగలకు. కత్తి పుట్టుక ఉన్నవాడికి. ఆ మర్యాద తమరు పాటించినందుకు అప్పుడే మనిషిని పంపి కృతజ్ఞత చెప్పుకున్నాను. ప్రాణభిక్ష నేను అడగలేదు. మా ఇంట్లో అడిగింది నా భార్య మెక్‌టిల్డ్ ఒక్కతే, అదీ నన్నే.

"పెల్ట్సరు గారి దగ్గరకు వెళ్లి ఒక్క మాట అడగండి. మీరు అడిగితే కాదనరు" అంది.

"ఏం అడగాలి?"

"వాడి ప్రాణం."

"వాడికి కత్తి ఇచ్చారే పిచ్చిదానా. ఇంతకన్నా ఏం కావాలి నీకు?"

"నా కొడుకు కావాలి."

"ఉన్నాడుగా. శుక్రవారం దాకా ఉంటాడు" అన్నాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, క్షమాభిక్షకు ఈ కుటుంబ పెద్ద సమ్మతి ఎన్నడూ లేదని తమ దస్త్రంలో దాఖలు కావాలి.

2. సదరు శుక్రవారం నేను స్వయంగా హాజరయ్యాను. మెడ పట్టీ కోయించిన తెల్ల చొక్కా, ఓకు చెక్కతో చేయించిన శవపేటిక, నా బండి, నా ఖర్చు. మా పెద్దవాడు యుద్ధంలో పోయాడు, వాడి పక్కన గుంట కూడా తవ్వించి వచ్చాను. బండి మీద వాడిని తెస్తుంటే పక్కనే నడిచాను.

"మెడ బిగించకు. వదులుగా పెట్టు. బిగిస్తే రెండో దెబ్బ పడుతుంది" అని చెప్పాను.

"చలేస్తోంది నాన్నా."

"కాసేపే" అన్నాను.

వాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తమ తలారి వెండెల్ కత్తి తీశాడు. అప్పుడు గుంపులోంచి ఒక పిల్ల జుట్టు విరబోసుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, ఒంటి పొర గౌనుతో రాతి దిబ్బ ఎక్కింది. ఆ తలారి కూతురే, ఎనెలీన్ అంటారట. "ఈయన్ను నాకివ్వండి. పెళ్లి చేసుకుంటాను" అంది. కన్నెపిల్ల వచ్చి అలా అడిగితే, ఖైదీ ఒప్పుకుంటే, తల వదిలేయడం తమ ఊళ్లో పాత ఆచారమని నాకూ తెలుసు. సంత ఆడవాళ్లకు పండగైపోయింది.

"ఇచ్చేయండయ్యా! తల ఉండగానే ఇచ్చేయండి, తరవాత ముద్దెక్కడ పెట్టుకుంటుందీ?" అని చేపలమ్మేది అరిచింది.

"పిల్లా, మొగుడు నీకు, వాడి బూట్లు నాకు!" అన్నాడొకడు.

తమరు ఊట్స్‌ను అడిగారు, సమ్మతమేనా అని. నేను నిశ్చింతగా ఉన్నాను. మా తాత కాలంలో మా వంశంలోనే ఒకాయనకు ఇలాగే జరిగింది. ఆయన పిల్ల ముఖం చూసి, తలారి వైపు తిరిగి, "కానివ్వవయ్యా, నాకు పనుంది" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో పిల్లలకు అన్నంతో పాటు తినిపిస్తాం. ఊట్స్ కూడా తిన్నాడు. కానీ వాడు "సమ్మతమే" అన్నాడు. మొదటిసారి నెమ్మదిగా అన్నాడు. తమరు వినబడలేదన్నారు. రెండోసారి చేపలదానికన్నా గట్టిగా అరిచాడు.

నేను ఖాళీ పేటికతో ఇంటికి పోయాను. దారిలో పొలాల వాళ్లు టోపీ తీసి దండం పెట్టారు, లోపల శవముందనుకుని. నేను కాదనలేదు.

3. ఇప్పుడు న్యాయం మాట. తలారి ఇంటివాళ్లను తమ ఊరు మనుషుల లెక్కలో పెట్టుకోదు. గుడిలో వాళ్లకు వేరే మూల. సారాయి కొట్లో వాళ్లకని విడిగా పెట్టిన మూడు కాళ్ల పీట, మూత లేని చెంబు. వాళ్ల పిల్లకు పురుడు పోయడానికి మంత్రసాని రాదు. వాళ్ల చెయ్యి తగిలిన పనివాణ్ణి తోటి పనివాళ్లు బయటికి గెంటుతారు. ఆ ఇంటివాళ్ల ప్రమాణం తమ న్యాయస్థానంలో చెల్లదు. ఇదంతా తమరు పెట్టిన కట్టుబాటే, నాది కాదు. సాక్ష్యానికి పనికిరాని నోరు మొగుణ్ణి అడగడానికి ఎలా పనికొచ్చింది? ప్రమాణానికి చెల్లని పిల్ల కన్నెపిల్లల్లోకి ఎలా చెల్లింది? ఆ అడగడం చెల్లదు కాబట్టి ఆ విడుదల చెల్లదు. విడుదల చెల్లకపోతే శిక్ష ఇంకా వాడి మెడ మీదే ఉంది. దీనికి జవాబు చెప్పగల పండితుడు తమ కచేరీలో ఉంటే చెప్పమనండి.

4. ఈ వ్యవహారం వల్ల మా వాళ్లకు జరిగిన నష్టం. దొరల యుద్ధ పోటీలకు ముందు శిరస్త్రాణాలన్నీ మఠం చావడిలో వరసగా పెట్టి, ఎవరి వంశంలో మచ్చ ఉందో చూస్తారు. మా చెల్లెలి కొడుకు వీలాండ్ మా కాకి గుర్తున్న శిరస్త్రాణం పెట్టాడు. ఒక ముసలి దొరసాని చేతి కర్రతో దాన్ని నేలకు పడగొట్టి, "ఇది ఉరి కొయ్య మీద కాకి కదూ" అందట. అందరూ నవ్వారట. తరవాత బరిలో వాణ్ణి చుట్టుముట్టి బడితెలతో కొట్టి, గుర్రం లాక్కుని, జీనుతో సహా కంచె కమ్మీ మీద ఎక్కించి పోటీ ముగిసేదాకా అక్కడే కూర్చోబెట్టారు. వాన కూడా వచ్చింది. వాడి పెళ్లి తప్పిపోయింది. "మావయ్యా, నీ కొడుకు ఒక్కడు బతకడానికి మేమందరం చచ్చాం" అని నా ముఖం మీదే అన్నాడు. ఒకడి తలతో పోయేది ఇంతమందికి చుట్టుకుంది. ఇది తమరు గమనించగలరు.

5. చట్టానికి శ్రమ ఇవ్వకుండా నేనే సర్దుదామని సదరు తలారి ఇంటికి వెళ్లాను. ఊరి గోడ పక్కన, తోళ్లు ఊరేసే చోటికి అవతల. లోపలికి వెళ్లలేదు. గుర్రం కూడా దిగలేదు. వెండెల్ గుమ్మంలోకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవరూ, బావగారా! బయటే ఉండిపోయారేం? రండి, రండి" అన్నాడు. బావగారట. నేను విన్నాను, నా గుర్రమూ వింది.

ఆ పిల్ల చెంబు పట్టుకొచ్చింది. "మావయ్యా, వేడి బీరు జావ. చలిలో వచ్చారు" అంది.

"దూరంగా నిలబడు. నేను నీకు మావయ్యను కాను" అన్నాను. "నీ అదృష్టం చూసి మురిసిపోకు. వాడు నీ ముఖం చూసి సమ్మతమే అనలేదు. మీ నాన్న చేతిలో కత్తి చూసి అన్నాడు."

"తెలుసు మావయ్యా" అంది, కన్ను ఆర్పకుండా. "నేనూ ఆయన ముఖం చూసి అడగలేదు. మా ఇంటి ఆడపిల్లకు మొగుడు ఆ దిబ్బ మీదే దొరకాలి. మా అక్క ముగ్గుర్ని అడిగింది. ముగ్గురూ తలే ఇచ్చుకున్నారు."

ఊట్స్ వచ్చాడు. ముతక అంగీ, దాని మీద తలారి పనివాళ్లు వేసుకునే ఎర్ర పట్టీ. తలారి పని నేర్చుకోవాలనే షరతు మీద తమరు వాడిని వదిలారని తెలుసు, కానీ తెలియడం వేరు, చూడటం వేరు.

"బయల్దేరు. బురుజులోకి వెళ్లి నీ అంతట నువ్వే అప్పజెప్పుకో. నేను పెల్ట్సరుతో మాట్లాడి కత్తే ఇప్పిస్తాను. వేరే ఊరి తలారిని, మంచి పనివాణ్ణి తెప్పిస్తాను" అన్నాను.

"రాను నాన్నా."

"ఎందుకురా?"

"పొద్దున్నే లేస్తే నేల కాళ్లకు చల్లగా తగులుతుంది. అది బాగుంటోంది నాకు."

"నువ్వు క్రేహెన్‌స్టైన్ బిడ్డవి."

"ఇక్కడ నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. అసలు పిలిచేవాళ్లే లేరు. నువ్వైనా వచ్చావు, దిగి ఒక్క క్షణం కూర్చో."

"నీ బూట్లు విప్పే అలవాటు ఇంకా పోలేదురా" అని ముఖం మీద ఉమ్మబోయాను. గుర్రం కదిలింది. వాడి భుజం మీద పడింది. తుడుచుకోలేదు.

ఆ పిల్ల మాత్రం తన గౌను అంచుతో తుడిచింది. తుడిచి నా వైపు చూసి, "జావ ఆరిపోతోంది మావయ్యా" అంది. ఈ మొండితనం కూడా దాఖలు చేసుకోగలరు.

6. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ గుమ్మంలోంచి లోపలికి చూస్తే బల్ల దగ్గర నా భార్య కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి, తలారి బల్ల మీద మోచేతులు ఆనించి రొట్టె తింటోంది. పునీతురాలు బార్బరా గుడికి మొక్కు ఉందని చెప్పి వెళ్లింది.

"మెక్‌టిల్డ్, లే" అన్నాను.

"తినేసి లేస్తాను."

"ఆ చేతులతో మళ్లీ నా ఇంటికి రాలేవు. తెలుసుగా?"

"తెలిసే తింటున్నానయ్యా. రొట్టె రొట్టెలాగే ఉంది. మీరు చెప్పినంత చేదుగా ఏం లేదు" అంది. కొడుకు పుట్టిన తరవాత నాతో ఎన్నడూ అలా మాట్లాడలేదు.

మర్నాడు కోట గుమ్మం దగ్గరకు వచ్చి తన బట్టలు అడిగింది. తలుపు తీయించలేదు. బట్టలు గోడ మీంచి వేయించాను. సగం కందకంలో పడ్డాయి. నీళ్లలోకి దిగి ఏరుకుంటుంటే మా పనివాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ కదలవద్దని వాళ్లకు చెప్పాను. ఎవరూ కదలలేదు. ఈ విధంగా ఒక్క శిక్ష అమలు కాకపోవడం వల్ల నాకు కొడుకూ భార్యా ఇద్దరూ పోయారు. తమరు ఆ శుక్రవారమే పని ముగించి ఉంటే ఒక్కడే పోయేవాడు, ఆమె నా ఇంట్లో ఉండి ఏడ్చుకునేది.

కావున తమ సముఖమునకు ప్రార్థించేది ఏమనగా: సదరు ఎనెలీన్ వేడుకోలు చెల్లదని తీర్మానించాలి. సదరు ఊట్స్‌ను తిరిగి బురుజులో పెట్టించాలి. తమ తలారి ఇప్పుడు మామగారైనందున కొట్టే చేతికి మొహమాటం ఉంటుంది గనుక, వేరే ఊరి నుండి తలారిని రప్పించాలి. ముఖ్యంగా, కత్తే వేయాలి, తాడు వేయకూడదు. పేటిక మా గుర్రాలశాలలో అలాగే ఉంది. ప్రస్తుతం అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి, ఖాళీ చేయించగలను. చొక్కా ఉతికించి పెట్టాను. శిక్ష అయిన రోజున వాడు నా కొడుకని నలుగురిలో ఒప్పుకుంటాను, అన్న పక్కన పడుకోబెడతాను, కాకి డాలు మీద కప్పుతాను. బతికి ఉంటే మాత్రం వాడెవడో నాకు తెలియదు. తండ్రిగా వాడికి నేను చేయగలిగిన మేలు ఇదొక్కటే మిగిలింది, దయచేసి అడ్డుపడకండి.

ఈ నా మనవిని పూర్తిగా చదివి, సగంలో గుమాస్తాకు ఇవ్వక, తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు అని రాయాలట. రాశాను.

తమ విధేయుడు,
ఎకెబ్రెష్ట్, క్రేహెన్‌స్టైన్ దొర

తాజా కలం: ముద్ర వేయడానికి లక్క కరిగిస్తుండగా నా భార్య కందకం అవతల నిలబడి కేకలు మొదలుపెట్టింది. కిటికీ వేయించాను. వేసినా వినబడింది. తీయించాను.

"వింటున్నారా! రేపు బుధవారానికి ఊట్స్‌కు మొదటి పని ఇచ్చారు! కత్తి పని!"

"ఎవడి తల?"

"డీట్స్ తల! మన డీట్స్!"

డీట్స్ అంటే మా పొరుగు కోట ఎబర్‌హోల్ట్స్ వారి అబ్బాయి. వాడూ తమ బండ్లే ఆపి పట్టుబడ్డాడని, తమరు వాడికీ మర్యాదగా కత్తే వేశారని ఇప్పుడే తెలిసింది.

"వెండెల్‌ను కొట్టమను!" అన్నాను.

"ఆయన కళ్లకు పొరలు కమ్మాయి! ఎదురుగా ఉన్న మనిషే కనబడటం లేదు! అందుకేగా మన వాణ్ణి పనిలో పెట్టింది!"

"అయితే వీణ్ణే కొట్టమను! కత్తి తిప్పడం నేను నేర్పలేదా?"

"ఏ చేత్తో కొడతాడయ్యా! బురుజులో చేతులు వెనక్కి విరిచి కట్టి దూలానికి వేలాడదీశారు కదా! కుడి చెయ్యి భుజం దాటి లేవదు! చొక్కా నేను తొడుగుతున్నాను వాడికి! రోజూ నేనే తొడుగుతున్నాను!"

అయ్యా, ఈ సంగతి నాకు తెలియదు. నేను వెళ్లిన రోజున వాడు భుజం ఎందుకు తుడుచుకోలేదో కూడా తెలియలేదు.

నిరుడు హోహెన్‌రీట్‌లో తలారికి దెబ్బ తప్పింది. రెండోది దవడకు తగిలింది. మూడో దెబ్బకు ముందే జనం దిబ్బ ఎక్కి తలారిని రాళ్లతో కొట్టి చంపారు. నేను అక్కడ ఉన్నాను. నేనూ రాయి విసిరాను. మనిషి చావడానికి ఎంతసేపు పడుతుందో చూశాను.

కావున అదనంగా ప్రార్థించేది ఏమనగా: సదరు డీట్స్‌కు వేసిన కత్తి శిక్షను రద్దు చేసి, తాడు వేయించాలి. నిచ్చెన తోసేయడానికి ఎడమ చెయ్యి చాలు. పుట్టుక ఉన్నవాడికి తాడేమిటని దొరలు తమ మీదకు వస్తే, వాడు పగ ప్రకటించకుండానే బండ్లు ఆపాడని, కాబట్టి వట్టి దొంగేనని తీర్పులో రాయించండి. నిజమో కాదో నాకు తెలియదు. కావాలంటే నేను వచ్చి ప్రమాణం చేస్తాను. నా ప్రమాణం తమ న్యాయస్థానంలో చెల్లుతుంది.

డీట్స్‌ను జ్ఞానస్నానం తొట్టి దగ్గర ఎత్తుకున్నది నేనే. మంచి పిల్లవాడు. అయినా తాడే వేయించండి.

పైన రాసుకున్నదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవడం లేదు. దాని విచారణ మాత్రం బుధవారం తరవాత ఎప్పుడైనా పెట్టుకోండి. తొందర లేదు.

పనివాణ్ణి పంపితే సాయంత్రం అవుతుందని, గుమ్మం తీయించి ఈ కాగితం నా భార్య చేతికే ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు. తాజా కలం దగ్గర్నుంచి కింద ఉన్నది మాత్రం చదివి వినిపించాను. తాడు అడిగింది ఎవరో డీట్స్ వాళ్ల నాన్నకు చెప్పకండి.